ఏడో గట్టు వాలు

జూన్ 12, సోమవారం

సెలవుల తరవాత ఈరోజు బడి తెరిచాం. ముప్పై ఏడుమందికి ముప్పై ఐదుగురు వచ్చారు. రాని ఇద్దరూ అక్కాతమ్ముళ్లు, ఇద్దరికీ చెవిపోటు. బడి ఉన్నన్నాళ్లూ రోజూ చేసేలాగే, పొద్దున ఏడింటికి, ప్రార్థనకు ముందు పిల్లలంతా కలిసి సోలార్ పలకల మీద ఉప్పు తుడిచారు. రెండు నెలలపాటు పేరుకున్న ఉప్పు. గుడ్డలు తడపడానికి మంచినీళ్లు ముట్టుకోవద్దని నేను చెబుతూ ఉండగానే ఒకటో తరగతివాళ్లు ఒక బిందె ఖాళీ చేశారు. కోప్పడే ఓపిక లేక ఊరుకున్నాను.

పోయినేడు పదో తరగతి రాసిన నలుగురూ గట్టెక్కారు. చంద్రకళకు సముద్రంలో స్తంభాల మీద కట్టిన ఈ గట్లన్నిటిలోకీ మూడో స్థానం వచ్చింది. ప్రార్థనలో ఆ పేరు చదివినప్పుడు వంటావిడ సామ్రాజ్యం గరిటె చేత్తో పట్టుకునే వచ్చి వెనక వరసలో నిలబడింది. చంద్రకళ వాళ్ల అమ్మ కళ్లు తుడుచుకుంటే ఈవిడా తుడుచుకుంది.

ఈ దినచర్య పుస్తకం ప్రధానోపాధ్యాయురాలు చేత్తోనే రాయాలని ఒడ్డున మెరక మీదున్న ఆఫీసు నియమం. పాఠాలు చెప్పే యంత్రం, మా పాఠాల పెట్టె, తన లెక్క తాను రాసుకుంటుంది, మనిషి లెక్క మనిషి రాయాలట. ఇరవై ఆరేళ్లుగా రాస్తున్నాను. మెరక మీద ఎవరైనా చదువుతున్నారో లేదో తెలియదు.

జూన్ 20, మంగళవారం

మబ్బు. పాఠాల పెట్టె పదకొండింటికే ఆగిపోయింది. మిగతా లెక్కలన్నీ నేనే చెప్పాను. గొంతు పోయింది.

తొమ్మిదో తరగతిలో ఉన్నది ముగ్గురే. వాళ్లలో దీవెన మాట తక్కువ పిల్ల. తల్లి పదకొండో గట్టులో నాచు పడవల మీద పని చేస్తుంది. ఈ పిల్ల మేనమామ ఏడుకొండలు దగ్గర ఉండి ఇక్కడ చదువుకుంటోంది. ఈ నెల నీటి తొట్ల వంతు తనది. వరండా పొడవునా ఎనిమిది తొట్లున్నాయి. వాటిలో సముద్రపు నీళ్లు పోసి పైన అద్దం మూస్తాం, ఎండకు ఆవిరై అద్దానికి పట్టిన నీళ్లే మేం తాగేవి.

మధ్యాహ్నం దీవెన వచ్చి, "టీచర్, తొట్లో నీళ్లు తూర్పువైపు ఎక్కువగా ఉంటున్నాయి" అంది.

"తొట్టి కింద దిమ్మ అరిగి ఉంటుందమ్మా."

"ఎనిమిదింటికీ ఒకవైపే అరుగుద్దా టీచర్?"

రేపు చూద్దాంలే అన్నాను.

జూన్ 21, బుధవారం

చూశాను. రెండు మీటర్ల పొడవు తొట్టిలో తూర్పు అంచున నీళ్లు రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. ఎనిమిదింటిలోనూ అంతే. దీవెన పాఠాల పెట్టెను అడిగింది. "ఏడో గట్టు వాలు ఆరు మిల్లీమీటర్లు. పరిమితిలో ఉంది" అని అది మర్యాదగా జవాబిచ్చింది. గట్టు స్తంభాలకు పెట్టిన సెన్సర్లు ఏం చెబితే అది అదే చెబుతుంది. మరి తొట్లో నీళ్ల సంగతేమిటని దీవెన మళ్లీ అడిగింది. అది మళ్లీ ఆరు మిల్లీమీటర్లంది.

జూలై 3, సోమవారం

దీవెన మేస్త్రీల సామాన్లలోంచి ఒక పొడవాటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చింది. గోడలు కట్టేవాళ్లు మట్టం చూసుకునే పద్ధతే. గొట్టం నిండా రంగునీళ్లు పోసి రెండు కొసలూ వరండా రెండు చివర్లా నిలబెట్టి పట్టుకున్నారు. లోపలి నీళ్లు ఎక్కడైనా ఒకే ఎత్తులో నిలుస్తాయి కాబట్టి, నేలనుంచి ఆ ఎత్తు రెండుచోట్లా కొలిస్తే తేడా తెలిసిపోతుంది. నలభై మీటర్ల వరండా. తేడా నలభై ఒక్క మిల్లీమీటర్లు.

మూడుసార్లు కొలిపించాను. మూడుసార్లూ అంతే వచ్చింది.

విజ్ఞాన ప్రదర్శనకు దీన్నే రాస్తానంది. గట్లన్నిటి బడులకూ కలిపి మెరకలో జరిగే ప్రదర్శన అది. గడువు జూలై 31. రాసుకోమన్నాను. నలభై ఏళ్ల గట్టు, కాస్త వాలి ఉంటే ఏమిటని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

జూలై 14, శుక్రవారం

ఈత పోటీలు. పన్నెండేళ్లలోపు పిల్లల్లో మన రత్నరాజు రెండో స్థానం. మొదటి స్థానం వచ్చిన ఎనిమిదో గట్టు పిల్ల గట్టు మీంచి నీళ్లలోకి వదిలిన తాడు పట్టుకుందని వాడి గొడవ. పట్టుకోలేదు, నేను చూశాను. ఆ మాటే చెబితే సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

సామ్రాజ్యం నాచు పచ్చడి చేసింది. బియ్యం పడవ ఇంకా రాలేదు.

సోమవారం దీవెన కొలత నలభై మూడు.

జూలై 24, సోమవారం

పదిహేడున నలభై ఏడు. ఈరోజు యాభై మూడు.

దీవెన కాగితం నా బల్ల మీద పెట్టి పక్కన నిలబడింది. మొదటి వారం రెండు పెరిగింది, తరవాత నాలుగు, ఇప్పుడు ఆరు. ఇది చెప్పడానికి లెక్కల టీచరే కానక్కర్లేదు.

"మామయ్యకి చూపించావా?"

"చూపించాను. టైము లేదన్నాడు."

జూలై 25, మంగళవారం

బడి వదిలాక ఏడుకొండలు దగ్గరికి వెళ్లాను. ఏడో గట్టుకు మేస్త్రీ అతనే. స్తంభాలకు పట్టిన గుల్లలు గీకించడం, తుప్పు చూడటం, సెన్సర్ల లెక్క మెరకకు చేరేలా చూడటం అతని పని. నేను ఇక్కడికి వచ్చిన ఏడాది ఐదో తరగతి చదువుతున్నాడు. ఇప్పటికీ నేను వస్తే చేతిలో పని పక్కన పెట్టి లేస్తాడు.

తాడుచుట్ట మీద గుడ్డ పరిచి, "కూర్చోండి టీచరుగారూ" అన్నాడు. కాగితం ఇచ్చాను. విప్పకుండానే తిరిగి ఇచ్చేశాడు.

"ఇంట్లో గోడ మీద కూడా గీతలు గీసిందండి. నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మూడేళ్లు." పక్కన పెట్టిన పని మళ్లీ అందుకున్నాడు. "తూర్పు సెన్సర్ అప్పుడే చచ్చిపోయింది. కొత్తది అడిగితే తనిఖీకొస్తారు. అందుకని పడమటి దాని తీగనే రెండింటికీ కలిపేశాను. పడమర స్తంభాలు బానే ఉన్నాయి గదా, లెక్క బానే వస్తుంది."

"ఏడుకొండలూ, ఇక్కడ రెండువందల పన్నెండు మంది ఉన్నారు."

"తెలుసండి. వాళ్లనేం చేస్తారో కూడా తెలుసు. ఆరో గట్టు ఖాళీ చేసినప్పుడు అక్కడుండే మా అక్కని పదకొండుకేశారు, మా అమ్మని మూడుకేశారు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి. అమ్మ పోయిన సంగతి నాకు నాలుగు రోజులకి తెలిసింది. నేనెళ్లేసరికి అంతా అయిపోయింది." కింద స్తంభాలవైపు చెయ్యి చూపించాడు. "ఈ వానాకాలం దాటనివ్వండి. స్తంభాల కింద రాళ్లు దింపిస్తున్నాను. నిలబడుద్ది. మీ బడి కూడా నిలబడుద్ది."

నా బడి. ఆ మాట అతను కావాలని అన్నాడో లేదో తెలియదు. నాకు యాభై రెండేళ్లు. మోకాళ్లు నొప్పి. మరో గట్టులో, మరో బడిలో, పేర్లు తెలియని పిల్లల ముందు మళ్లీ మొదలుపెట్టడం అన్న తలపుకే ఒళ్లు బరువెక్కింది.

"వారం" అన్నాను. "ఒక్క వారం చూస్తాను."

జూలై 26, బుధవారం

ప్రదర్శనకు పంపాలంటే పాఠాల పెట్టె మీద ప్రధానోపాధ్యాయురాలి వేలిముద్ర పడాలి. దీవెన పొద్దున్నే అడిగింది.

"పంపారా టీచర్?"

"పంపానమ్మా."

ఎప్పుడూ నవ్వని పిల్ల, నవ్వింది. ఈ పుస్తకంలో అబద్ధం రాయలేదు ఎప్పుడూ. అందుకే చెప్పిన అబద్ధాన్ని కూడా రాస్తున్నాను.

జూలై 31, సోమవారం

కొలత అరవై. గడువు ఈరోజుతో అయిపోయింది. బడి సద్దు వింటూ నా గదిలోనే కూర్చున్నాను. ఏడుకొండలు మనుషులు రోజంతా రాళ్లు దింపారు.

ఆగస్టు 2, బుధవారం

మధ్యాహ్నం పన్నెండున్నరకు పిల్లలు కంచాలతో వరసలో ఉన్నారు. కిందనుంచి ఒక చప్పుడు వచ్చింది, పెద్ద చెక్కపెట్టె నేల మీద పడ్డట్టు. గట్టు ఒక్కసారి అదిరింది. బల్లల మీద పుస్తకాలు తూర్పు గోడవైపు జారాయి. వంటగదిలోంచి సామ్రాజ్యం కేక వినిపించింది.

గంజి గిన్నె పొయ్యి మీదనుంచి జారి ఆవిడ ఎడమ కాలు మీద పడింది. మోకాలినుంచి పాదం దాకా కాలిపోయింది. మేం నీళ్లు పోస్తుంటే, "పిల్లల్ని ఇటు రానియ్యకండి, నేల జారుద్ది" అంటూనే ఉంది. తొమ్మిదో గట్టు ఆస్పత్రికి పడవలో పంపించాం. అన్నం తినని పిల్లలు కంచాలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

నేను తిన్నగా తరగతిలోకి వెళ్లి పాఠాల పెట్టె ముందు కూర్చున్నాను. దీవెన కాగితాలన్నీ ఒక్కొక్కటిగా దానికి చూపించాను. ప్రదర్శనకూ పంపమన్నాను, అత్యవసర విభాగానికీ పంపమన్నాను. వేలు ఆనించాను.

"ప్రదర్శన గడువు జూలై 31తో ముగిసింది. ఈ దరఖాస్తు ఆలస్యంగా నమోదవుతుంది. పంపమంటారా?" అని పెట్టె గది అంతా వినపడేలా అడిగింది.

"పంపు" అన్నాను.

వెనక అడుగుల చప్పుడైంది. దీవెన గుమ్మంలో ఉంది. చేతిలో సామ్రాజ్యం చెప్పులు ఉన్నాయి.

"పంపానన్నారు గదా టీచర్."

"పంపలేదు."

"ఎందుకని?"

ఆ పిల్ల మేనమామ పేరు నోటిదాకా వచ్చింది. కానీ వేలిముద్ర నాది. "భయపడ్డానమ్మా. బడి పోతుందని" అన్నాను.

దీవెన చెప్పులు జాగ్రత్తగా గోడ వారన పెట్టి వెళ్లిపోయింది.

ఆగస్టు 3, గురువారం

తెల్లవారేసరికే మెరకనుంచి పడవ వచ్చింది. ఇంజనీరు జుబేదా గారు, మరో నలుగురు. ఈతగాళ్లు కిందికి దిగి చూశారు. తూర్పు వరసలో మూడు స్తంభాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఒకటి బీటలిచ్చింది. దింపిన రాళ్లు ఇంకా లోతుకు జారిపోయాయి.

ఏడుకొండలు ఎవరూ అడగకముందే ఆవిడను తీసుకెళ్లి కలిపిన తీగ చూపించాడు. ఆవిడ వంగి ఆ తీగను చూసింది. అరవలేదు. "నీ పేరు రాసుకుంటాను, తప్పదు" అంది. అతను తలూపాడు.

తరవాత బడికి వచ్చి కొలిచిందెవరని అడిగింది. దీవెనను చూపించాను. ఆవిడ తన పరికరంతో కొలిస్తే అరవై ఎనిమిది వచ్చింది. దీవెన పొద్దున కొలిచింది అరవై ఏడు. "గంటకు ఎంత పెరుగుతోందో చూడాలి. ఆ గొట్టంతో నాతో ఉంటావా?" అని అడిగితే దీవెన వెళ్లింది. సాయంత్రం దాకా ఇద్దరూ వరండాలోనే ఉన్నారు. నేను టీ తీసుకెళితే ఇంజనీరు గారు మాత్రం తీసుకున్నారు.

గట్టు నాలుగు రోజుల్లో ఖాళీ చేయాలన్నారు.

ఆగస్టు 7, సోమవారం

ఆఖరి హాజరు. ముప్పై ఏడుకు ముప్పై ఏడుగురు. జ్వరంతో ఉన్న పిల్లను వాళ్ల నాన్న భుజాన వేసుకుని తెచ్చాడు, పేరు పిలిచినప్పుడు పలికించడానికి.

జనాన్ని ఐదు గట్లకు పంచారు. పిల్లల్లో పద్నాలుగు మంది రెండుకు, తొమ్మిదిమంది నాలుగుకు, ఎనిమిది మంది పన్నెండుకు, నలుగురు తొమ్మిదికి, ఇద్దరు పదికి. ఈసారి కుటుంబాలను విడదీయలేదు. పక్కిళ్లను విడదీశారు. రత్నరాజు, వాడితో ఒకే బెంచీ మీద ఐదేళ్లు కొట్టుకుంటూ కూర్చున్న సుగుణరావు చెరో పడవ ఎక్కారు. ఎక్కాక కూడా కొట్టుకున్నారు, నీళ్లు చల్లుకుంటూ.

సామాను ఒక్కొక్కరికి ఒక పెట్టె. ఇరవై ఆరేళ్ల దినచర్య పుస్తకాలు పెట్టెలో పట్టవు. ఈ ఒక్కటే తెచ్చుకున్నాను.

నాకు నాలుగో గట్టు రాశారు. అదే పడవలో దీవెన, ఏడుకొండలు. అతను వెనక్కి తిరిగి కూర్చున్నాడు, ఏడో గట్టు కనబడేలా. దీవెన ముందుకు తిరిగి కూర్చుంది. నేను మధ్యలో.

ఆగస్టు 21, సోమవారం

ఇక్కడి బడిలో ఆరువందల మంది పిల్లలు. గంట మోగితే కాళ్ల చప్పుడుకు గోడలు అదురుతాయి. నాకు ఇంకా ఒక్క పేరూ నోటికి రాలేదు.

విచారణ జరిగింది. ముగ్గురు అధికారులు. జూలై 26నే పంపవలసింది ఆగస్టు 2 దాకా ఎందుకు ఆపారని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అందులో ఒకాయన, మేస్త్రీ మిమ్మల్ని బలవంతపెట్టాడా అన్నాడు. లేదన్నాను. అతను బతిమాలాడు, నేను ఒప్పుకున్నాను. ప్రధానోపాధ్యాయురాలి పదవి తీసేసి ఒకటో తరగతి ఇచ్చారు. ఏడుకొండల్ని మేస్త్రీ పనినుంచి తొలగించి పడవలు కడిగే పనిలో పెట్టారు.

ప్రదర్శననుంచి కూడా జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. గడువు దాటినందున పరిశీలించలేకపోయాం, వచ్చే సంవత్సరం తప్పక పాల్గొనగలరు. భోజనశాల దగ్గర దీవెనకు ఇచ్చాను. ఆ రోజు గుమ్మంలో నిలబడి మాట్లాడిన తరవాత నాతో ఒక్క మాట లేదు. చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టింది.

"మీ దగ్గరే ఉంచుకోండి" అంది.

ప్రధానోపాధ్యాయురాలిని కాను కనక ఈ పుస్తకం రాయనవసరం లేదు. చేయి ఊరుకోదు.

సెప్టెంబరు 4, సోమవారం

సామ్రాజ్యం లేచి నాలుగడుగులు వేసిందని తొమ్మిదో గట్టునుంచి కబురు. ఆస్పత్రి వంటలో ఉప్పు ఎక్కువని పోట్లాడుతోందట. మనసు కాస్త తేలికపడింది.

ఒకటో తరగతిలో ముప్పై ఇద్దరు. ఈరోజుకు పంతొమ్మిది పేర్లు వచ్చాయి.

సెప్టెంబరు 11, సోమవారం

పదింటికి, అక్షరాలు దిద్దిస్తుండగా దీవెన తరగతి గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు. పిల్లలు పలకలు పక్కన పెట్టి చూశారు.

"పడిపోయిందంట టీచర్. పొద్దున ఏడింటికి. ముందు తూర్పు వరస, తరవాత మొత్తం. రేడియోలో చెప్పారు."

దీవెన లోపలికి వచ్చి, చిన్నపిల్లల బెంచీ మీద నా పక్కన కూర్చుంది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఏడింటికి అంటే, అక్కడ ఉండి ఉంటే, సోలార్ పలకల దగ్గర గుడ్డలు పట్టుకుని ముప్పై ఏడుగురూ ఉండేవాళ్లు.

"మీరు గడువులోపల పంపుంటే నాకు బహుమతి వచ్చేదా?"

"వచ్చేది."

"సామ్రాజ్యం పిన్నికి కాలేది కాదు."

"కాదు."

దీవెన బల్ల మీద సుద్దముక్కను వేలితో అటూ ఇటూ దొర్లించింది. ముందు బెంచీలో పిల్ల ఒకతె తన పలక చూపించింది, దీవెన దాని మీద అక్షరం సరిదిద్ది ఇచ్చింది.

"మామయ్య పొద్దుటినుంచి రేవులో కూర్చున్నాడు. అన్నం తీసికెళితే ముట్టట్లేదు. నేను చెబితే వినట్లేదు" అంది. తరవాత, నా వంక చూడకుండానే, "మీ మాటైతే వింటాడు. వస్తారా?" అంది.

పక్క తరగతి టీచరుకు పిల్లల్ని అప్పజెప్పి వెళ్లాను. ఏడుకొండలు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, చీపురు పక్కన ఉంది. కంచం మీద మూత తీయలేదు. నన్ను చూసి లేవలేదు. అతను నన్ను చూసి లేవకపోవడం ఇదే మొదటిసారి.

"ఎవరూ లేరు గదండీ లోపల?" అన్నాడు.

"ఎవరూ లేరు."

"సామాన్ల కోసం ఎవరైనా వెనక్కెళ్లారేమో. ఎవరైనా ముసలోళ్లు..."

"ఎవరూ వెళ్లలేదు ఏడుకొండలూ. అందరూ ఉన్నారు."

"చూశారా మీరు? అందర్నీ?"

చూడలేదు. కానీ ఎవరు ఎక్కడున్నారో తెలుసు. అతని పక్కన మెట్టు మీద కూర్చుని, పడమటి చివరి ఇంటినుంచి మొదలుపెట్టాను. చంద్రకళ, వాళ్ల అమ్మ, నాయనమ్మ, రెండో గట్టు. సుగుణరావు, వాళ్ల నాన్న, ఇద్దరు చెల్లెళ్లు, పన్నెండో గట్టు. రత్నరాజు వాళ్లు ఐదుగురు, రెండో గట్టు. ఒక్కో ఇల్లూ చెబుతుంటే అతను పెదవులు కదుపుతూ లోపల లెక్క పెట్టుకుంటున్నాడు. వలలు అల్లే వెంకాయమ్మ ఇల్లు నేను మరిచిపోయి దాటేస్తే, అవతలి మెట్టు మీదనుంచి దీవెన అందించింది.

"ఆవిడ పదిలో ఉంది. మొన్న జాబు రాసింది."

"ఏమని రాసింది?" అన్నాడు ఏడుకొండలు.

"అక్కడి వాళ్లకి వల ముడి వెయ్యడం చేతకాదంట."

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. నేను మళ్లీ అందుకున్నాను. చాలాసేపు పట్టింది. తూర్పు వరసలో ఆఖరి ఇల్లు అతనిదే. "ఏడుకొండలు, దీవెన, నాలుగో గట్టు" అన్నాను. అప్పుడు కంచం మీది మూత తీశాడు.